పట్టీ తెగని గొట్టం

ఈ చేతులతో నేను తీసిన రక్తమంతా ఒకచోట పోస్తే మా వీధి చివరి నీళ్ల తొట్టి నిండి పొర్లుతుంది. గొప్పలు చెప్పుకుంటున్నానంటే చెప్పుకుంటున్నాను. డెబ్బై ఒకటో ఏట మనిషికి చెప్పుకోవడానికి మిగిలేది చేసిన పనే కదా.

నేను చదివింది మా పల్లెటూరి బడిలో. ఒకటే గది, ఐదు తరగతులు, ఒక్క పంతులుగారు. ఇరవయ్యో ఎక్కం వరకూ పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ అప్పజెప్పందే ఇంటికి వదిలేవారు కాదు. ఆ ఎక్కాలే నాకు అన్నం పెట్టాయి. పందొమ్మిదో ఏట పట్నం ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి కుదిరాను. రక్తపరీక్షల గదిలో ఒక మూల కుళాయి, నేను. ఇంకో మూల మైక్రోస్కోపు, దాని ముందు ఒక పెద్దాయన. ఆయన గీతల గాజుపలక మీద తెల్లకణాలు లెక్కపెట్టి, నాలుగు మూలల మొత్తాన్ని యాభైతో హెచ్చవేసి రాసేవాడు. ఆయన పెన్సిలు వెతుక్కునేలోపే నేను కుళాయి దగ్గర్నుంచి జవాబు చెప్పేసేవాణ్ణి. మూడో రోజు ఆయన స్టూలు మీద వెనక్కి తిరిగాడు.

"సీసాలు ఎవడైనా కడుగుతాడు. నువ్విలా రా" అన్నాడు.

ఆ తర్వాత ఆ స్టూలు మీద నేను ముప్పై ఆరేళ్లు కూర్చున్నాను. ముగ్గురు సర్జన్లకు రిపోర్టులు రాశాను. పదకొండు మందికి పని నేర్పాను. మా గదికి ఉత్తమ ప్రయోగశాల అని సర్టిఫికెట్ తెచ్చాను. అన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం పట్టీ. పనిలో చేరిన కొత్తల్లో ఎవరో ఇద్దరి గొట్టాలు తారుమారు చేసి, ఒకరి రోగం ఇంకొకరికి రాశారు. అప్పటి నుంచి నేను రక్తం తీయగానే మూతకీ గొట్టానికీ అడ్డంగా ఒక సన్నని కాగితం పట్టీ అంటించి, దాని మీద పేరు రాసేవాణ్ణి. గొట్టం తెరిస్తే పట్టీ తెగాలి. తెగిన పట్టీని రిజిస్టరులో ఆ పేరు పక్కన అంటించాలి. నవ్వినవాళ్లు నవ్వారు, నాకు పట్టీల మాస్టారని పేరు పెట్టారు. ముప్పై ఏళ్లలో ఒక్క గొట్టం తారుమారు కాలేదు.

ఇరవై నాలుగు గంటల నొప్పి అని జనం అనే అపెండిక్స్ జబ్బుకు నా దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. పొట్ట కోయక ముందు రక్తంలో నేను చూసింది ఒకవైపు, కోశాక సర్జను లోపల చూసింది ఇంకోవైపు రాసుకునేవాణ్ణి. తెల్లకణాలు పెరుగుతాయని అందరికీ తెలుసు. నేను గమనించింది ఇంకొకటి. లోపల అపెండిక్స్ కుళ్లిపోయినవాళ్లలోనో, పగిలిపోయినవాళ్లలోనో చాలామందికి, రక్తం పేరుకున్నాక పైన తేలే నీళ్లు మామూలు కంటే ఒక వన్నె పసుపెక్కేవి. నేను కనిపెట్టానని చెప్పుకోను. ఆ పసుపు బిలిరుబిన్ అని, పుస్తకాల్లో ఉన్నదేనని తర్వాత తెలిసింది. అయినా అప్పటి సర్జను ఆపరేషనుకు ముందు నా కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమోయ్, ఏ రంగు?" అని అడిగాకే చేతులు కడుక్కునేవాడు. "రక్తం ఒక్కటే చెప్పదు, పొట్ట మీద పెట్టిన చెయ్యి ఒక్కటే చెప్పదు. రెండూ ఒక మాట మీదికి రావాలి" అనేవాడాయన.

ఆ పదకొండు మందిలో పదకొండోది మా చెల్లెలి కూతురు. సన్నగా, గబగబా తిరిగేది కాబట్టి అందరికీ పిచ్చుక. డిప్లొమా పట్టుకుని వచ్చేనాటికి దానికి పందొమ్మిదేళ్లు. నాలుగేళ్లు మా ఇంట్లోనే ఉండి పని నేర్చుకుంది. మొదటి ఆరు నెలలు అది లెక్కపెట్టిన ప్రతి పలకా నేను మళ్లీ లెక్కపెట్టేవాణ్ణి. నిజంగా లెక్కపెట్టిన రెండు లెక్కలు సరిగ్గా ఒకటి కావు, ఐదారు కణాలు అటో ఇటో ఉంటాయి. "ఒకటే వచ్చిందంటే నా కాగితం తొంగిచూసినట్టే" అని దాన్ని ఏడిపించేవాణ్ణి. ఆరు నెలలు గడిచాక దాని వెనక లెక్కపెట్టడం మానేశాను. నేను ఎవరికైనా ఇచ్చిన పెద్ద సర్టిఫికెట్ అదే. నేను రిటైరైనప్పుడు నా స్టూలు దానికే వచ్చింది. నా టిక్కుటిక్కు మిషను కూడా ఇచ్చేశాను. ఒక్కో కణానికీ ఒక్కో నొక్కు నొక్కుతూ లెక్కపెట్టే ఆ చిన్న యంత్రాన్ని ఇచ్చిన రోజు మా ఆవిడ, "నన్నైనా ఇచ్చేవారేమో గానీ అది ఇస్తారనుకోలేదు" అంది.

పోయిన ఏడాది ఒక రోజు ఉదయం మా ఆవిడ వంటగది గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఏవండీ, కడుపులో మెలిపెట్టినట్టుంది."

"ఎప్పటినుంచి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి."

"ఇప్పుడా చెప్పేది?"

"చెబితే సూది పట్టుకొస్తారు. పెళ్లైన కొత్తలో నా పది వేళ్లూ పొడిచి పని నేర్చుకున్నారు. ఇంకా తీరలేదా మీ సరదా?"

నవ్వుతోంది గానీ నుదుటి మీద చెమట. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగిందంది. నడుస్తుంటే కుడికాలు కొద్దిగా ఈడుస్తోంది. నేను ఇంకేమీ అడగలేదు. బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

కుర్ర డాక్టరు పొట్ట తడిమి, అపెండిక్స్ అని అనుమానంగా ఉంది, ముందు రక్తపరీక్షలు చేయించండి అన్నాడు. పరీక్షల గదిలో పిచ్చుక మమ్మల్ని చూసి లేచింది.

"అత్తయ్యా! మొహం ఏంటి, అంతలా పీక్కుపోయింది?"

"మీ మావయ్యతో నలభై ఆరేళ్లు. ఇంకెలా ఉంటుంది?"

రక్తం నేనే తీశాను. తెల్లకణాల లెక్కకు ఊదామూత గొట్టం, బిలిరుబిన్‌లాంటి వాటికి ఎర్రమూత గొట్టం. రెండింటికీ నా చేత్తో పట్టీ అంటించి, మా ఆవిడ పేరు రాశాను.

"లెక్కపెట్టే పెద్ద మిషను పొద్దున్నుంచి మొరాయించింది మావయ్యా. అన్నీ చేత్తోనే. నలభై గొట్టాలు వరసలో ఉన్నాయి. అత్తయ్యది ముందు చేసేస్తాలెండి" అంది పిచ్చుక.

"పోనీ నేను కూర్చోనా ఆ స్టూలు మీద?"

"అమ్మో! మీరు వెనక నిలబడితేనే నా చెయ్యి వణుకుతుంది. బయట కూర్చోండి. పావుగంటలో ఇస్తా."

పావుగంటలోనే ఇచ్చింది. తెల్లకణాలు ఏడువేల రెండువందలు. బిలిరుబిన్ మామూలే. మిగతావన్నీ మామూలే. కింద దాని సంతకం.

"చూశావా? నలభై మందిని ఆపి నీది ముందు చేసింది. ఆ గదిలో నాకు ఇంకా ఎంత పరపతి ఉందో చూశావా?" అన్నాను మా ఆవిడతో. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాలుక చేదవుతుంది.

కుర్ర డాక్టరు రిపోర్టు చూసి మళ్లీ పొట్ట తడిమాడు.

"నాకు అనుమానమే గానీ రక్తం శుభ్రంగా ఉంది. పద్నాలుగు వేలో పదహారు వేలో ఉంటే ఇప్పుడే పెద్ద డాక్టరమ్మను పిలిచేవాణ్ణి. స్కానింగ్ చేసేవారు రేపు ఉదయం వస్తారు, అప్పుడు తీసుకురండి. నొప్పి ఎలా ఉందమ్మా?"

"నయం బాబూ. ఇందాక ఒక్కసారిగా తగ్గిపోయింది."

పాత సర్జను వందసార్లు చెప్పిన మాట: నొప్పి దానంతటదే ఒక్కసారిగా తగ్గితే సంతోషించకు, లోపల పగిలిందేమో చూడు. ముసలివాళ్లలో తెల్లకణాలు పెద్దగా పెరక్కుండా మోసం చేయడమూ ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా. కానీ చేతిలో కాగితం ఉంది, కాగితం మీద పిచ్చుక సంతకం ఉంది. నేనే లెక్కపెట్టుకున్నంత నమ్మకం. నోరు మూసుకున్నాను. ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. అతని చెయ్యి అనుమానపడింది, మా గది కాగితం వద్దంది.

మా ఆవిడను ముందువైపు బెంచీ మీద కూర్చోబెట్టి బండి కోసం చూస్తుంటే కళ్లజోడు గుర్తొచ్చింది. పట్టీ మీద పేరు రాసేటప్పుడు తీసి పరీక్షల గది బల్ల మీదే పెట్టాను. వెనక్కి వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. కళ్లజోడు పెట్టుకుని తిరగబోతూ, ముప్పై ఆరేళ్ల అలవాటు కొద్దీ, గొట్టాల చట్రం వైపు చూశాను.

నా రాత కనిపించింది. ఊదామూత గొట్టం తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాను.

గంటన్నరకే రక్తం కిందికి దిగిపోయి ఉంది. ఆరోగ్యంగా ఉన్న రక్తం అంత తొందరగా దిగదు. ఎరుపు మీద తెల్లటి పొర, ఉండాల్సిన దానికంటే మందంగా. ఆ పైన నీళ్లు. నా నోటుబుక్కు నిండా రాసుకున్న పసుపు. అయినా నన్ను అక్కడికక్కడ నిలబెట్టేసింది ఆ రంగు కాదు. పట్టీ. మూతకీ గొట్టానికీ అడ్డంగా నేను అంటించిన పట్టీ అంటించినట్టే ఉంది. ఎర్రమూత గొట్టం తీశాను. దాని పట్టీ కూడా తెగలేదు.

తెరవని గొట్టంలోంచి ఏడువేల రెండువందలు ఎలా వచ్చాయి?

అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట కంటి ఆపరేషనుకు ముందు మా ఆవిడకు ఇవే పరీక్షలు చేయించాం. అప్పుడూ ఏడువేల రెండువందలే. సరిగ్గా అదే అంకె. రక్తం ఏ రెండు రోజులూ ఒకే అంకె చెప్పదని ఆ పిల్లకు నేర్పింది నేను. ఆ కాగితం చేతిలో పట్టుకుని పరపతి గురించి మాట్లాడింది కూడా నేనే.

పిచ్చుక చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. నా చేతిలో గొట్టాలు చూసి ఆగిపోయింది.

"పట్టీ తెగలేదేం అమ్మాయ్?"

చేతులు తుడుచుకుంటున్న గుడ్డ బల్ల మీద పెట్టింది.

"అడుగుతున్నాను."

"మావయ్యా... పొద్దున్నుంచి ఒక్కదాన్నే. మీరేమో గుమ్మం బయట కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. ఆలస్యమైతే చెయ్యి నెమ్మదించిందంటారు. తొందరపడితే పలక సరిగ్గా కడగలేదంటారు. అత్తయ్యకు ఎప్పుడూ వచ్చే గ్యాసే అనుకున్నా. పోయిన నెలవి ఉన్నాయి కదా అని..."

"లే అక్కణ్ణుంచి."

అది నిలబడే ఉందన్న సంగతి కూడా నాకు తట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. పట్టీ తెంపాను. గాజుపలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టి, నా పాత టిక్కుటిక్కు మిషను నొక్కడం మొదలుపెట్టాను. ఒక్కో మూలలో వంద దగ్గర. మామూలుగా ముప్పై, నలభై కణాలు ఉండే చోట. నాలుగు మూలలూ కలిపి మూడువందల ఎనభై ఎనిమిది. యాభైతో హెచ్చవేయడానికి నాకు ఈ వయసులో కూడా పెన్సిలు అక్కర్లేదు. పందొమ్మిది వేల నాలుగువందలు.

"ఎర్రమూతది నువ్వు పెట్టు. బిలిరుబిన్ రాగానే పైకి పట్టుకురా" అని, అంకె రాసిన చీటీతో పెద్ద డాక్టరమ్మ గదికి పరిగెత్తాను. పరుగంటే ఈ మోకాళ్లతో ఎంత పరుగో అంత.

ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనింకా అక్కడే ఉండేవాణ్ణి. చీటీ చూసి లేచింది.

"పొద్దుటి రిపోర్టులో ఏడువేలని ఉందట కదా మాస్టారూ?"

"అది ఈ రక్తానిది కాదమ్మా. ఇది నేను లెక్కపెట్టాను."

మా ఆవిడ బెంచీ మీద ఒక పక్కకు వాలిపోయి ఉంది. డాక్టరమ్మ అక్కడే పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. బల్లలా బిగిసి ఉందంది. ఒకటి లోపు ఉండాల్సిన బిలిరుబిన్ రెండు దాటిందని కబురు వచ్చేసరికే మా ఆవిణ్ణి ఎక్కించిన చక్రాల మంచం ఆపరేషను గది వైపు కదిలింది.

"ఏవండీ, రక్తం శుభ్రంగా ఉందన్నారుగా?" అంది మా ఆవిడ, తలుపులు మూసుకుపోయే ముందు. నేను తల ఊపాను. ఏమని ఊపానో నాకే తెలియదు.

ఆపరేషను గది బయట రెండు గంటలు కూర్చున్నాను. మధ్యలో పిచ్చుక వచ్చి పక్కన నిలబడింది. అత్తయ్యకు ఎలా ఉందని అడుగుతుందనుకున్నాను.

"మావయ్యా, డాక్టరమ్మకు ఏం చెప్పారు?" అంది.

నేను దాని మొహంలోకి చూశాను. నాలుగేళ్లు మా ఇంట్లో, మా ఆవిడ చేతి అన్నం తిని పెరిగిన మొహం.

"మిషను మీద పెడితే తప్పు చూపించిందని రాద్దాం. మిషను ఎలాగూ పాడైంది కదా" అంది మెల్లగా.

"మిషను నీకు అత్తయ్య కాదు కదా, తప్పు దాని మీదికి నెట్టడానికేం" అన్నాను.

దానికి రోషం వచ్చింది. "సర్టిఫికెట్ వచ్చిన ఏడాది మీరేం చేశారు? సరిచూసే సీసా మూడు వారాలు రాలేదు. తనిఖీకి ముందు రోజు నన్ను కూర్చోబెట్టి మూడు వారాల అంకెలూ రాయించారు. ఒకటే సిరా అయితే దొరికిపోతామని రెండు పెన్నులు కూడా ఇచ్చారు. అప్పుడు ఎవరి అత్తయ్య?"

అది అబద్ధం చెప్పలేదు. మిషన్లూ మందులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి రోజూ ఉదయం ఒక సీసాలోని రక్తాన్ని పరీక్షించి రాయాలి. ఆ మూడు వారాలు సీసా లేదు, అంకెలు ఉన్నాయి. అవి సీసా అంకెలు, మనిషివి కావు అని నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే అది నవ్వేది, నవ్వినా తప్పు పట్టలేకపోయేవాణ్ణి. అయినా ఒకటి చెబుతాను. నా తప్పు నాకు చూపించడానికి అది ఎంచుకున్న చోటు ఆ తలుపు ముందా? లోపల ఉన్నది దాన్ని తన పిల్లేనని అందరికీ చెప్పుకునే మనిషి.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగుతూ బయటికి వచ్చింది.

"పగిలిపోయింది మాస్టారూ. చీము చుట్టూ చేరింది. కడిగి శుభ్రం చేశాం. గండం గడిచినట్టే. రేపటి వరకూ ఇంట్లో ఉంచి ఉంటే నేను మాట ఇవ్వలేకపోయేదాన్ని."

అప్పుడు ఏడ్చాను. పిచ్చుక కూడా ఏడ్చింది. ఇద్దరం చెరో గోడ వైపు తిరిగి ఏడ్చాం.

మర్నాడు డాక్టరమ్మకు జరిగింది మొత్తం చెప్పాను. ఏడువేల రెండువందల సంగతి చెప్పి, సీసా అంకెల సంగతి కూడా చెప్పాను. ఒకటి చెప్పి రెండోది దాచడం నా వల్ల కాలేదు. పిచ్చుకను పెద్ద స్టూలు మీంచి దింపి ఇంకొకరి కింద వేశారు. ప్రతి లెక్కా ఇద్దరు పెట్టాలని రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది. మా ఇంటి గోడకు తగిలించుకున్న ఆ సర్టిఫికెట్ నకలు నేనే తీసి బీరువా వెనక పెట్టాను. మా చెల్లెలు ఫోను చేసి, "దాని పొట్ట కొట్టావు కదా అన్నయ్యా" అని ఏడ్చింది. "నువ్వు వదిన పొట్ట చూడలేదు, అందుకని అంటున్నావు" అని ఫోను పెట్టేశాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు.

మా ఆవిడకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పాడైన మిషను గురించి ఏదో విని, ఊరుకుంది.

తొమ్మిదో రోజు ఇంటికి పంపే ముందు రక్తం మళ్లీ చూడాలన్నారు. గొట్టాలు పట్టుకుని వచ్చింది పిచ్చుకే. ఆ రోజు దాని వంతట. మా ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఇన్నాళ్లకా రావడం? ఇదిగో చెయ్యి. ఈయన పొడిస్తే నొప్పి, నువ్వైతే తెలియదు."

పిచ్చుక తల ఎత్తలేదు. రక్తం తీసింది. పట్టీ అంటించింది, పేరు రాసింది. నేను దాని వెనకాలే పరీక్షల గదికి నడిచాను. అది వద్దనలేదు. పట్టీ తెంపి రిజిస్టరులో అంటించింది. నేను వెనక నిలబడి ఉండగానే లెక్కపెట్టింది. చెయ్యి వణికింది. నూట అరవై ఎనిమిది. ఎనిమిదివేల నాలుగువందలని రాసింది.

"జరుగు" అన్నాను.

స్టూలు ఖాళీ చేసింది. నేను కూర్చుని మొదటి మూల నుంచి మళ్లీ నొక్కడం మొదలుపెట్టాను. నూట అరవై రెండు. ఎనిమిదివేల నూరు. రెండు నిజమైన లెక్కల మధ్య ఉండాల్సినంత తేడా. దాని అంకె కింద నా అంకె రాసి, సంతకం పెట్టాను.

గదికి తిరిగి వెళ్తే మా ఆవిడ బట్టలు సర్దుకుంటూ అడిగింది.

"ఇంతసేపు ఏం చేస్తున్నారక్కడ? అది లెక్కపెట్టాక మళ్లీ మీరెందుకు?"

ఆ మొదటి ఆరు నెలల తర్వాత, ఇరవై ఏళ్లలో దాని వెనక నేను లెక్కపెట్టడం అదే మొదటిసారి. అది మా ఆవిడకు తెలుసు.

"కొత్త రూలు" అన్నాను. చెప్పుల కోసం మంచం కిందికి వంగాను.